పూజలో కూర్చున్న ఉయ్యాల

అంబదాస్ సేటు ప్రతి దసరాకూ చెప్పిన కథే చెప్పేవాడు. వినేవాళ్లు అప్పుడే మొదటిసారి వింటున్నట్టు తలలూపేవాళ్లు. జీతమిచ్చే మనిషి కథను మధ్యలో ఆపే మొనగాడు ఎక్కడుంటాడు? బెల్లంపల్లి దాటాక రైలు పట్టాలకు ఆనుకుని ఉండేది ఆయన ఇత్తడి కార్ఖానా. ఆయుధపూజ అయ్యాక కొలిమి ముందు కుర్చీ వేయించుకుని, నల్లటోపీ సర్దుకుని మొదలుపెట్టేవాడు.

"మా బాపు చొప్పదండిల మగ్గం నేసేటోడు. ఒక దసరాకు మగ్గం పూజల కూసున్నది. గప్పుడే సావుకారి వచ్చిండు. 'గీ చీర నాకు రేపే గావాలె, జర నెయ్యి' అన్నడు. ఇంట్ల చూస్తే గింజ లేదు. మా బాపు ఏమన్నడో ఎరికేనా? 'పూజల కూసున్న పనిముట్టును కూసోబెట్టినోళ్లే లేపాలె. నేను ఇంకా లేపలే' అన్నడు. గంతే! సావుకారి మూతి ముడుసుకొని పోయిండు. గదీ మా ఇంటి పద్ధతి!"

అందరూ "వాహ్ సేటూ" అనేవాళ్లు, బూంది పంచేవాళ్లు. ఆ కథ వెనక సేటు అసలు బడాయి ఏమిటంటే, తాను నేత ఇంట్లో పుట్టి ఇంత కార్ఖానా పెట్టినా తండ్రి మాట మరువలేదని. అందరూ బూంది తిని కథను మరిచిపోయేవాళ్లు. ఐలవ్వ మరిచిపోలేదు.

ఐలవ్వా, ఆమె మొగుడు కొమురెల్లీ కూడా నేత ఇంటివాళ్లే. మిల్లు బట్ట వచ్చి తమ బట్టను అడిగేవాళ్లు లేకపోతే మగ్గం అమ్ముకుని బొగ్గు బావుల దిక్కు వచ్చారు. బావి పనికి కొమురెల్లి ఛాతీ చాలదని డాక్టరు వద్దన్నాడు. అంబదాస్ సేటు రమ్మన్నాడు. తమ కులపోడే కదా అని సంతోషపడ్డారు.

ఆ కార్ఖానాకు ప్రాణం ఒక మిషను. బొంబాయిలో ఎవరో వాడి వదిలేసిన దాన్ని సేటు కొని రైలు మీద తెప్పించాడు. పైనుంచి కరిగిన ఇత్తడి పోస్తుంటే కిందినుంచి కడ్డీ తెగకుండా దిగుతూనే ఉంటుంది. నడుమ ఉండేది మూరెడు పొడుగు రాగి గొట్టం. అదే అచ్చు. దాని చుట్టూ చన్నీళ్లు పారుతుంటాయి. లోపలికి దిగిన ఇత్తడి గోడను తాకిన చోటల్లా గడ్డకట్టి పలుచని పొర కడుతుంది. పొర లోపల ఇంకా నిప్పే. ఆ పొర గోడకు అంటుకోకుండా అచ్చు పైకీ కిందికీ ఆగకుండా ఊగుతుంది. అందుకే కార్ఖానాలో దాన్ని ఉయ్యాల అనేవాళ్లు.

ఐలవ్వ పని ఉయ్యాల పక్కన నిలబడి అచ్చు గోడలకు ఆముదం పట్టించడం. కొమురెల్లి పని ఉయ్యాల కింది గుంటలో నిలబడి, దిగివచ్చే కడ్డీ తలను పట్టుకారుతో రోలర్లకు అందించడం. పైన పెళ్లాం, కింద మొగుడు, నడుమ నిప్పు. "మీ కాపురం మంచిగున్నది పో" అని తోటివాళ్లు ఆటపట్టించేవాళ్లు.

ఉయ్యాల నిటారుగా ఊగాలి. పక్కకు జరగకుండా అటొకటి ఇటొకటి రెండు ఉక్కు కడ్డీలు నిలబెట్టారు. వాటిని గైడ్లు అంటారు. అచ్చు వాటిని పట్టుకునే లేస్తుంది, వాటిని పట్టుకునే దిగుతుంది. గైడ్లు అరిగితే అచ్చు ఒరుగుతుంది. ఒరిగితే ఇత్తడి పొర చిరుగుతుంది. చిరిగితే లోపలి నిప్పు గుంటలో ఉన్నవాడి మీద పడుతుంది. ఇది తెలియడానికి పెద్ద చదువేం అక్కర్లేదు, తెలియని వాళ్లు కూడా ఆ కార్ఖానాలో ఎవరూ లేరు. మేస్త్రీ పర్శరాములుకు తెలుసు, సేటుకూ తెలుసు. తెలిసే, అరిగిన గైడ్ల సందులో రేకు ముక్కలు దూర్చి నడిపించారు.

పంతొమ్మిది వందల అరవై ఆరులో దసరా పోయి దీపావళి రాకముందే ముత్యం కాలు కాలింది. నిజానికి ఆ రోజు గుంటలో ఉండాల్సింది కొమురెల్లి. జ్వరమొచ్చి పడుకుంటే అతని బదులు ముత్యం దిగాడు. అచ్చు ఒక్కసారి పక్కకు ఒరగడం ఐలవ్వ కళ్లారా చూసింది. ఆమె అరిచేలోపే కింద అరుపు వినిపించింది. మోకాలి కింద చర్మం బట్టతోపాటే ఊడివచ్చింది. ముత్యాన్ని గుంటలోంచి పైకి లాగినవాళ్లలో ఐలవ్వ కూడా ఉంది. ఆ వాసన ఆమె ముక్కులోంచి చాలా రోజులు పోలేదు.

సేటు వచ్చాడు, చూశాడు. "సోయి లేక నిలవడ్డడు. తాగొచ్చిండు గావచ్చు" అన్నాడు. ముత్యం మెడలో తులసిమాల ఉంది. ఏటా ఏకాదశికి కాలినడకన పండరిపురం పోయే మనిషి, కల్లు ముంత వైపు కన్నెత్తి చూడనివాడు. ఆ మాట విని ఐలవ్వకు ఒళ్లు మండింది. కాలు కాల్చింది చాలక పేరు కూడా కాల్చాలా?

కొత్త గైడ్లు హైదరాబాదులో తయారవుతున్నాయని చెప్పారు. అవి వచ్చేదాకా ఆగుతారనుకుంటే, బావుల పంపులకు కడ్డీలు జల్దీ పంపాలని సేటు తొందర పెట్టాడు. పర్శరాములు మళ్లీ రేకు ముక్కలు దూర్చాడు. "కొమురెల్లీ, రేపు నువ్వే దిగాలె" అని సేటు చెప్పి వెళ్లాడు.

పొద్దుగూకి ఇంటికి వచ్చాక, మొగుడి ముందు జొన్న గటుక పెడుతూ ఐలవ్వ అడిగింది.

"దిగుతవా?"

"దిగక ఏం జేస్త? గీడ గూడ పని పోతే ఏడికి పోదామే? అమ్ముకునేతందుకు ఇంకో మగ్గం గూడ లేకపాయె."

"ముత్యం కాలు జూసినవ్ గద."

"సూసిన."

"గది నీ కాలు. నీకు జరమొచ్చింది గాబట్టి వానిదాయె."

కొమురెల్లి తల వంచుకుని తిన్నాడు. అతను పిరికివాడేం కాదు. ఒకసారి పని పోగొట్టుకున్న మనిషి, అంతే. అలాంటివాడికి నిప్పు కంటే గేటు బయటి రోడ్డే ఎక్కువ భయం.

"నేను నిన్ను దిగనియ్య" అంది ఐలవ్వ.

"సేటు మాటకు ఎదురు మాట జెప్తవా?"

"ఎదురు మాటెందుకు? సేటు మాటే సేటుకు జెప్త."

మర్నాడు పొద్దున పనివాళ్లందరికంటే ముందు ఐలవ్వ కార్ఖానాకు వచ్చింది. రైలు గేటు పక్కన విరగబూసిన బంతిపూలు కొంగులో కోసుకు వచ్చింది. ఉయ్యాలను తడిబట్టతో తుడిచింది, పసుపు రాసింది. అచ్చు అంచు చుట్టూ కుంకుమ దట్టంగా పోసింది. గైడ్లకు పూలదండలు చుట్టింది. కొబ్బరికాయ కొట్టి చిప్పలు ముందు పెట్టింది. ఊదుబత్తి పొగ కొలిమి పొగలో కలిసింది. అప్పటికే కొలిమిలో ఇత్తడి కరుగుతోంది.

పర్శరాములు వచ్చి చూసి నవ్వాడు. "గిదేంది ఐలవ్వా? ఇయ్యాల ఏం పండుగ?"

"ఉయ్యాల పూజల కూసున్నది అన్నా."

"దసరా ఎల్లిపాయె గద!"

"దసరా ఎల్లిపాయె. గైడ్లు మాత్రం గవే ఉన్నయి."

పర్శరాములు నవ్వు ఆగిపోయింది. ఆయన మిషను మీటను చూశాడు, పూలను చూశాడు, చేయి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత వచ్చినవాళ్లు కూడా అంతే. ఒక్కడూ ఉయ్యాలను ముట్టుకోలేదు. అందులో భక్తి ఎంతో, బతుకు మీద తీపి ఎంతో ఎవరు చెప్పగలరు? ముట్టుకోకుండా ఉండడానికి వాళ్లకొక సాకు దొరికింది. ఇన్ని రోజులూ లేనిది అదే.

సేటు వచ్చేసరికి అందరూ చేతులు కట్టుకుని వరసగా నిలబడి ఉన్నారు.

"ఎవలు జేసిన్రు గిది?"

"నేనే సేటూ" అంది ఐలవ్వ.

"తీసెయ్."

"తియ్య."

"ఏమన్నవ్?"

"తియ్య అన్న. పూజల కూసున్న పనిముట్టును కూసోబెట్టినోళ్లే లేపాలె. గీ మాట నాది గాదు, మీ బాపుది. ఏటేట మీరే జెప్తిరి, మేము బూంది తినుకుంట ఇంటిమి. నేను ఇంకా లేపలే."

వెనక ఎవరికో నవ్వొచ్చి దగ్గుగా మార్చుకున్నారు. సేటు చెవులు ఎర్రబడ్డాయి.

"నిన్ను పనిలకెల్లి తీసేసిన. నడువ్ బయటికి."

"నడుస్త. కని కూసోబెట్టినదాన్ని నేనైతి. నన్ను గేటు అవుతల నిలవెడితే మరి దీన్ని ఎవలు లేపుతరు?"

సేటు కొమురెల్లి వైపు తిరిగాడు. "నీ పెండ్లానికి బుద్ధి జెప్పవా?"

కొమురెల్లి తల గోక్కున్నాడు. "ఆమె మాట ఇనుడు నాకు అలవాటు గని సేటూ, నా మాట ఇనుడు ఆమెకు అలవాటు లేదు."

ఈసారి నవ్వును ఎవరూ దాచుకోలేదు. ఆ నవ్వే చెడగొట్టింది. సేటు గబగబా ఉయ్యాల దగ్గరికి పోయి పూజంతా చేత్తో ఒక్క ఊపున ఊడ్చేశాడు. దండలు తెగి బంతిపూలు చెల్లాచెదరయ్యాయి. కొబ్బరిచిప్ప దొర్లుకుంటూ గుంటలో పడింది. అందరూ నోళ్లు తెరుచుకుని చూశారు. ఇన్నేళ్లు చెప్పిన తండ్రి మాటను సేటు అందరి ముందూ తన చేత్తోనే ఊడ్చేశాడు.

"ఇగ లేసింది. కొమురెల్లీ, దిగు."

ఐలవ్వ నేల మీది పూలను చూసింది. ఆమె దగ్గరున్న ఉపాయం అదొక్కటే, అదీ పోయింది. కొమురెల్లి అలవాటు కొద్దీ ఒక అడుగు ముందుకు వేశాడు. ఆ అడుగు చూడగానే ఐలవ్వకు ఎక్కడలేని కోపం వచ్చింది. వెళ్లి గుంటలోకి దిగే మెట్ల మీద అడ్డంగా నిలబడింది.

"పూజ పాయె. మీ బాపు మాట మీరే ఊడ్సుకున్నరు. ఇగ నా మాట ఇను. నా మొగడు దిగడు. ఎవల మొగడూ దిగడు, ఎవల కొడుకూ దిగడు. గైడ్లు మంచిగున్నయంటివి. ముత్యం తాగొచ్చి కాలు కాల్సుకున్నడంటివి. నువ్వు తాగి రాలే గద సేటూ? నువ్వు దిగు."

మీరు అన్న నోటితోనే నువ్వు అనేసింది. కార్ఖానాలో అప్పటిదాకా ఎవరూ అనని మాట అది. వరసలోంచి ఎవరూ కదల్లేదు. కొమురెల్లి వేసిన అడుగు వెనక్కి తీసుకుని పెళ్లాం పక్కకు వచ్చి నిలబడ్డాడు.

సేటు అందరి మొహాలూ ఒకటొకటిగా చూశాడు. భయపెట్టడానికి ఒక్క మొహమైనా దొరకాలి కదా, దొరకలేదు. టోపీ తీసి పర్శరాములు చేతిలో పెట్టాడు.

"నాకు బయమనుకుంటున్నరా? నేను గూడ పనోని కొడుకునే! జరుగు."

ఐలవ్వ జరిగింది. అంబదాస్ సేటు తెల్లచొక్కాతోనే గుంటలోకి దిగాడు. పట్టుకారు తీసుకుని, అచ్చు కింది నోటిని మూసే కడ్డీని సరిచేశాడు. "మోటారు ఎయ్యి" అని కిందినుంచి కేక వేశాడు.

మోటారు మొదలైంది. వట్టి ఉయ్యాల ఊగసాగింది. ఇత్తడి కరిగిన మూసను ఇద్దరు గొలుసు మీద లాగి అచ్చు పైకి తెచ్చి ఆపారు. ఆ వేడికి దగ్గరున్నవాళ్లు మొహాలు తిప్పుకున్నారు. పనిలోంచి తీసేసిన ఐలవ్వ ఆముదం డబ్బా పట్టుకుని తన చోటికి పోయి నిలబడింది. పొమ్మనే తీరిక అప్పుడెవరికీ లేదు.

సేటు తల ఎత్తి చూశాడు. ఇన్నేళ్లలో ఉయ్యాలను కిందినుంచి చూడడం ఆయనకు అదే మొదలు. పైనుంచి చూస్తే అది చిన్న ఊపు. కిందినుంచి చూస్తే నెత్తి మీద వేలాడే బరువు. లేచేటప్పుడు చక్కగానే లేస్తోంది. దిగేటప్పుడు గైడు దగ్గర టక్కుమని ఒక పక్కకు ఒరుగుతోంది. పూలు ఊడ్చిన చేయి అంచు మీది కుంకుమను పూర్తిగా ఊడ్చలేదు. ఒరిగిన ప్రతిసారీ ఆ కుంకుమ ఆ పక్క నుంచే జారి కింద పడుతోంది. సేటు ఎడమ భుజం మీద పడింది, చేతి మీద పడింది. తెల్లచొక్కా మీద ఎర్రటి చార పొడుగవుతూ పోయింది. సేటు ఒక అడుగు జరిగాడు. రోలర్లు అడ్డం వచ్చాయి. ఆ గుంటలో జరగడానికి చోటుండదు.

"పొయ్యమంటవా సేటూ?" ఐలవ్వ పైనుంచి అడిగింది.

రోజూ గట్టు మీద నిలబడి సేటు అలవోకగా అనే మాటే అది. పొయ్యి. ఇప్పుడూ అదే అనాలి. సేటు మళ్లీ తల ఎత్తి అచ్చును చూశాడు.

"మూస సల్లారుతున్నది. పొయ్యమంటవా?"

అడగడమైతే అడిగింది ఐలవ్వ. పొయ్యమంటే ఏం చేయాలి? ఆ మనిషి మీద ఆమెకు కోపం ఉంది, కడుపునిండా ఉంది. అయినా ముత్యం కాలి వాసన ఇంకొకసారి పీల్చే ఓపిక లేదు. పౌరుషానికి పోయి ఈ మొండివాడు పొయ్యమంటాడేమోనని మనసులోనే ఎల్లమ్మకు మొక్కుకుంది.

"ఆపు" అన్నాడు సేటు.

పర్శరాములు ఆ మాట కోసమే కాచుకున్నట్టు మోటారు ఆపాడు. సేటు మెట్లెక్కి పైకి వచ్చాడు. భుజం మీది కుంకుమ దులుపుకోలేదు. "ఇత్తడి ఇసుకల పోయుండ్రి. గైడ్లు వచ్చేదాక మిషను బంద్" అన్నాడు. నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, ఐలవ్వను చూడకుండా, "గామె మాత్రం రేపటి నుంచి పనిలకు రావద్దు" అన్నాడు. ఓడిపోయినవాడు కూడా ఏదో ఒకటి గెలవాలి కదా.

ఐలవ్వ ఆముదం డబ్బా కింద పెట్టి గేటు దాటింది. రైలు గేటు దాకా పోయాక వెనక చెప్పుల చప్పుడు వినిపించింది. కొమురెల్లి.

"నిన్ను తీసెయ్యలే గదనయ్యా?"

"తీసెయ్యలే. నీతోని నడుస్తే మంచిగుంటదనిపిచ్చింది."

ఆ రోజులు ఎట్లా గడిచాయో అడగొద్దు. ఐలవ్వ బీడీలు చుట్టింది. కొమురెల్లి స్టేషనులో మూటలు మోశాడు. పొద్దుకు గటుక, మాపుకు అదే. అయినా కొమురెల్లి ఒక్కనాడూ ఆమెను ఒక్క మాట అనలేదు.

కొత్త గైడ్లు రైలు దిగాయి. పర్శరాములు వాటిని బిగించి, దారపు గుండు వేలాడదీసి నిటారు చూశాడు. అంతా సిద్ధమైంది. మీట దగ్గరికి మాత్రం ఎవరూ పోలేదు.

"ఏమాయె? ఎయ్యిన్రి!" అన్నాడు సేటు.

పర్శరాములు ఎన్నడూ సేటుకు ఎదురు చెప్పినవాడు కాదు. ఆ రోజు గొంతు సవరించుకున్నాడు. "పూలు దీసింది మీరు సేటూ. కూసోబెట్టిన మనిషి ఇంకా లేపలే. మీ బాపు ఉంటె ఏమంటుండెనో మీరే జెప్పిన్రి."

సేటు వరసను చూశాడు. అందరూ మళ్లీ చేతులు కట్టుకునే ఉన్నారు.

ఆ మధ్యాహ్నం అంబదాస్ సేటు రిక్షా దిగి ఐలవ్వ ఇంటి ముందు నిలబడ్డాడు. ఆమె చాటలోంచి తల ఎత్తలేదు. చేస్తున్న బీడీకి దారం చుట్టి, ముడి వేసి, కట్టలో పెట్టాకే చూసింది.

"రా ఐలవ్వా. ఉయ్యాలను లేపుదువు. మీ ఇద్దరి పని మీకే."

"ముత్యం తాగలేదని అందరి ముంగట జెప్పాలె."

సేటు తన చెప్పులు చూసుకున్నాడు. "జెప్త."

"ఇంకోటి. కొత్త గైడ్ల మీద మొదటి కడ్డీ దిగేటప్పుడు గుంటల నువ్వే ఉండాలె. గటెనుక నా మొగడు దిగుతడు."

"గైడ్లు కొత్తయి గదనే! ఇంక ఏం బయం?"

"బయం లేకపోతే ఇగ దిగెటందుకు ఏమాయె?"

మర్నాడు ముత్యాన్ని ఎడ్లబండి మీద తెచ్చి సేటు కుర్చీలోనే కూర్చోబెట్టారు. సేటు అనాల్సిన మాట అన్నాడు. గొణిగినట్టే అన్నాడు గానీ అన్నాడు. ముత్యం తులసిమాల కళ్లకద్దుకుని ఏడ్చాడు. ఐలవ్వ ఉయ్యాలకు బొట్టు పెట్టి, అంచు మీద కుంకుమ పోసి, రెండు చేతులతో ముట్టుకుని "ఇగ లెవ్వు తల్లీ" అంది. పర్శరాములు మీట వేశాడు. ఉయ్యాల లేచింది, దిగింది. కుంకుమ పోసిన చోటే ఉంది.

మూస పైకి వచ్చింది. గుంటలో అంబదాస్ సేటు పట్టుకారు పట్టుకుని తల ఎత్తి నిలబడ్డాడు.

"పొయ్యమంటవా సేటూ?"

"పొయ్యి."

"గట్టిగ అను. మోటారు మోతల ఇనవడుత లేదు."

"పొయ్యి!" అని కార్ఖానా అదిరేటట్టు అరిచాడు సేటు.

నిజానికి ఐలవ్వకు మొదటిసారే వినబడింది. రెండోసారి వినాలనిపించింది, అంతే.